సమరయుడు ఏ వాడ మనిషి?

మంచి సమరయుడి కథ మీద ప్రసంగం వినని విశ్వాసి తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఉండడు. లూకా సువార్త 10వ అధ్యాయంలోని ఈ కథను సండేస్కూలు పిల్లలు నాటకం వేస్తారు. ఆసుపత్రులకీ ఆశ్రమాలకీ ఆ పేరు పెడతారు. చివర్లో పాస్టరుగారు చెప్పేది కూడా దాదాపు ఒకటే: మీకు అలవాటైన మనుషుల్ని దాటి బయటికి రండి, దిక్కులేకుండా ఒంటరిగా పడివున్నవాళ్లను పలకరించండి, కనికరం చూపండి. మాట మంచిదే. దానితో మాకు పేచీ లేదు. మా పేచీ అల్లా ఆ కథలో మనల్ని ఎక్కడ నిలబెడుతున్నారన్న దానితోనే.

ఈ ప్రసంగాల్లో దళితుడు ఎప్పుడూ దారిపక్కన దెబ్బలు తిని పడివున్నవాడే. ఆదుకునేవాడు బయటినుంచి రావాలి. ఒకప్పుడు దొర వచ్చాడు, ఇప్పుడు పట్నం నుంచి సేవాసంస్థ వాళ్లు వస్తున్నారు. క్రిస్మస్‌కి చీరలు, దుప్పట్లు పంచి, ఫోటో దిగి, పొద్దుగూకేలోపు వెళ్లిపోతారు. పుచ్చుకున్నవాళ్లు చేతులు జోడించాలి. కరుణకి ఒక దిక్కే ఉన్నట్టు, అది ఊరినుంచి వాడకి మాత్రమే నడుస్తున్నట్టు మనచేత నమ్మించారు. ఈ చదువు తప్పు అని మా వాదన.

కథను తిన్నగా చదువుదాం. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి, బట్టలు ఊడదీసి, కొనప్రాణంతో వదిలేసి పోయారు. యాజకుడు చూసి పక్కగా పోయాడు. లేవీయుడూ అంతే. ఆగినవాడు సమరయుడు. సమరయులు అచ్చంగా మన అంటరానివాళ్ల లాంటివాళ్లే అంటే చరిత్రకి అతకదు. వాళ్లకి తమ గ్రంథం ఉంది, గెరిజీము కొండమీద తమ ఆరాధన ఉంది. కానీ తిండి దగ్గరా నీళ్ల దగ్గరా దూరంపెట్టే పద్ధతి మాత్రం మనం ఎరిగిందే. ఆ దూరంపెట్టబడినవాడే ఇక్కడ చేయి వేశాడు. గాయాలు కడిగి కట్టాడు, తన పశువుమీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయాడు, ఆ పూట తానే చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకేమన్నా ఖర్చయితే తిరిగొచ్చి తీరుస్తానని మాటిచ్చాడు. అంటే ఈ కథలో వాడ మనిషి దయ పుచ్చుకునేవాడు కాదు, దయ ఇచ్చేవాడు.

కథ చెప్పాక యేసు అడిగిన ప్రశ్నని కూడా గమనించాలి. ధర్మశాస్త్రోపదేశకుడు అడిగింది, నా పొరుగువాడెవడు అని. అంటే నేను ఎవరిదాకా జాలి చూపితే సరిపోతుంది, గీత ఎక్కడ గీయాలి అని. యేసు దాన్ని తిప్పి, పడివున్నవాడికి ఎవడు పొరుగువాడయ్యాడు అని అడిగాడు. అప్పుడు ఆ పెద్దమనిషి, జాలి చూపినవాడు అన్నాడే గాని సమరయుడు అనలేదు. ఆ పేరు అతని నోటికి రాలేదు. మన ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. తిట్టడానికి కులం పేరు గబుక్కున వస్తుంది, మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు నోరు పెగలదు.

మిషను చరిత్రని కూడా ఇలాగే రాశారు. ఒంగోలు అనగానే క్లౌ దొర పేరు చెబుతారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా నిజం, కాదనం. కానీ వీటన్నిటికన్నా ముందు తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు, కొత్తమాట విని తానే వెతుక్కుంటూ పోయినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని తనవాళ్లకి ఆ మాట అందించాడు. ఒంగోలు పెద్దకులాలవాళ్లు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము అన్నప్పుడు మిషను ఎటు నిలబడాలో తేల్చుకోవాల్సి వచ్చిందంటే, అప్పటికే పేరయ్య మనుషులు గుమ్మంలో నిలబడి ఉన్నారు కాబట్టే. దొర గీత దాటాడని రాసినవాళ్లు పేరయ్య నడకని ఎందుకు దాటడం అనరు?

నీళ్ల దగ్గరికి వద్దాం. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ మిట్టమధ్యాహ్నం యాకోబు బావికి ఒంటరిగా వచ్చింది. ఆమె నడవడి మంచిది కాదు, సిగ్గుపడి ఆ వేళకి వచ్చింది అని ప్రసంగాల్లో చెబుతారు. ఎందుకు ఆ వేళకి వచ్చిందో సువార్త చెప్పలేదు. చెప్పినదాన్ని మాత్రం మనవాళ్లు తేలిగ్గా దాటేస్తారు: యేసే ముందు నోరు తెరిచి ఆమెని నీళ్లడిగాడు. మన ఊళ్లలో దోసిలి పట్టింది మనం, పైనుంచి పోసింది వాళ్లు. టీ కొట్లలో వేరు గ్లాసులు పెట్టింది కూడా మన కోసమే. ఇక్కడ దోసిలి తిరగబడింది. వాడ స్త్రీ చేతి నీళ్లు అడిగి తాగడానికి సిద్ధపడ్డవాడు తర్వాతే జీవజలం సంగతి మాట్లాడాడు.

కారంచేడులో 1985 జులైలో గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్లు పాడుచేయొద్దన్న మాదిగ మనిషి మీద చేయిచేసుకుంటే, కుండ ఎత్తి అడ్డుకున్న మాదిగ స్త్రీ పేరు సువార్త. జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. తన మంచి చూసుకోకుండా దెబ్బలు తింటున్నవాడి పక్కన నిలబడినవాడే సమరయుడైతే, మన నేలమీద ఆ కథ కుండ ఎత్తిన చేతిలో ఉంది. ఎన్ని ప్రసంగపీఠాల మీద ఆ పేరు వినబడింది?

ఒంటరితనం అనే మాటని కూడా మనం విప్పి చూడాలి. జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు భార్యకి దూరమై మేఘంతో మొరపెట్టుకున్నాడు. జాషువా నాయకుడిది మొత్తం మనుషుల ఎడబాటు. గుడిలోకి తాను పోలేడు గనక పోగలిగిన గబ్బిలానికి తన గోడు అప్పజెప్పాడు. ఈ ఒంటరితనం మనసుకి పట్టిన దిగులు కాదు, ఒక సమాజం గోడకట్టి తయారుచేసింది. దానికి పలకరింపు ఒక్కటే మందు కాదు, గోడ కూలాలి. దయ గురించి మాట్లాడేవాళ్లు గోడ గురించి మాట్లాడకపోతే ఆ దయ గోడకి వెల్ల వేసినట్టే.

ఇంతవరకు వాళ్ల సంగతి. మన సంగతి చూసుకోకపోతే ఈ విమర్శ సగమే. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరుగా ఎన్ని ఊళ్లలో లేవు? 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఈ ప్రశ్నని రోడ్డుమీదికి తెచ్చింది గాని, చాలా సంఘాలు దాన్ని బయటి రాజకీయం అని తోసిపుచ్చాయి. పాకీపని చేసిన రెల్లి కుటుంబం మన కూటానికి వస్తే పక్కన కూర్చుంటున్నామా? జోగిని చేయబడిన అక్క ముసలిదైపోయి ఒంటరిగా ఉంటే ఆమె నడవడి ముచ్చట తప్ప ఆకలి ముచ్చట అడుగుతున్నామా? పిల్లలు హైదరాబాదుకో గల్ఫుకో పోయాక వాడలో మిగిలిన ముసలివాళ్ల మంచం దగ్గర కూర్చునేది ఎవరు? ఇక్కడ పక్కగా పోయే లేవీయులం మనమే కావచ్చు.

కాబట్టి మనం ఈ కథని వదులుకోవాలని మేము అనడం లేదు, వాడ వైపునుంచి చదవాలి అంటున్నాం. అప్పుడు రెండు సంగతులు తేలతాయి. ఒకటి, దయ ఇచ్చే హక్కు మనది కూడా, అది ఎవడి బిచ్చమూ కాదు. రెండు, సమరయుడు ఒకపూట జాలిపడి ఊరుకోలేదు, ఖర్చు పెట్టుకున్నాడు, మళ్లీ వస్తానన్నాడు. దుప్పటి ఇచ్చి పోయినవాళ్లని మళ్లీ ఎప్పుడు వస్తారని అడగాలి. వచ్చినప్పుడు మా ఇంట్లో మా గ్లాసుతో మంచినీళ్లు తాగుతారా అని కూడా అడగాలి. అదే మాట మాలపేట మాదిగగూడేన్నీ, మాదిగగూడెం మాలపేటనీ, రెండూ కలిసి రెల్లివీధినీ అడగాలి.