పాటల పుస్తకమే గురువు

సంగీతంలో పట్టా ఇచ్చే క్రైస్తవ విశ్వవిద్యాలయమంటూ ఏలూరు ప్రాంతంలో లేదు. దైవశాస్త్రం చదవాలనుకునే కుర్రవాడు హైదరాబాదు వెళ్తాడు. అక్కడి ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో హైదరాబాదుకు మారింది. అది ఇప్పించే పట్టా సేరంపూరు కళాశాలది. మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన ఆ చిన్న కళాశాలకు పట్టాలిచ్చే అధికారాన్ని 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చాడు. అయితే రేపు పాస్టరు కాబోయే ఆ కుర్రవాడికి శంకరాభరణం అప్పటికే వచ్చి ఉంటుంది. రాగం పేరు తెలియకపోవచ్చు, పాట మాత్రం తప్పు పోదు.

నేర్పింది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం. పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. కొన్నిటికి 'ఛాయ' అని ఇంకో పాట మొదటి మాటలూ ఉంటాయి: ఆ పాట వస్తే ఇదీ అదే వరుసలో పాడుకోమని. ప్రతి చరణం చివరా నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట కనిపిస్తుంది. చదువురాని ముసలమ్మకు ఆ గుర్తుతో పనిలేదు. చరణం ముందువాళ్లు పాడితే పల్లవి ఆమెది. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవులు యతి ప్రాసలు పాటించి రాయడం పండితుల మెప్పు కోసమే అయివుండదు. ప్రాస కుదిరిన పాదం చెవిన పడితే పోదు, పుస్తకం కొనలేని సంఘానికి అదే ఆస్తి.

ఇంగ్లీషు హైమ్స్‌కు వచ్చిన అనువాదాల దగ్గర ఈ సుఖం తక్కువ. ఆ ట్యూన్లు ఊనిక చూసి కట్టినవి, మన మాట నడిచేది గురులఘువుల మీద. సాగదీయాల్సిన స్వరం కింద హ్రస్వం పడితే మాట వంకరపోతుంది. అందుకే ఎంత మంచి అనువాదమైనా కీర్తనలా నోట కరగదు. అలవాటైన పాట సంగతి వేరు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

అసలు విద్య హార్మోనియం దగ్గర తెలుస్తుంది. శంకరాభరణానికి అది బాగానే తోడొస్తుంది, ఆ స్వరాలే పడమటి మేజర్ స్కేల్ కూడా. ఆనందభైరవిలో మాత్రం గాంధారం ఊగాలి, హార్మోనియం మెట్టు ఊగదు. గమకాలు పలకదన్న మాట పడ్డ ఈ పెట్టెను 1940లో ఆలిండియా రేడియో బయటికి పంపింది, 1971 దాకా రానివ్వలేదు. చర్చి పంపలేదు. తెలిసిన వాయిద్యగాడు గాంధారం దగ్గర వేలు తేల్చి, షడ్జమ పంచమాలు పట్టి ఉంచి, ఊపును గొంతుకు వదిలేస్తాడు. మెట్టు మెట్టూ నొక్కుకుంటూ పోయేవాడి వెంట సంఘమంతా ఆ ఊపు మర్చిపోతుంది.

ఇప్పుడు హార్మోనియం జాగాలో కీబోర్డు వచ్చింది, దాంతోపాటు రిథమ్ బటనూ వచ్చింది. దానిమీద నాకు ఫిర్యాదుంది. మిశ్రచాపులో ఏడక్షరాలు: తకిట, తకధిమి. మూడు, నాలుగు. చప్పట్లకు ఇంత హాయైన నడక ఇంకోటి లేదు, పిల్లలు సైతం ఇట్టే పట్టేస్తారు. బటన్ నొక్కితే చాలాసార్లు వచ్చేది నాలుగు దెబ్బల లెక్క. ఏడును ఎనిమిది చేయడానికి ప్రతి ఆవర్తానికీ ఒక అక్షరం సాగదీస్తారు. తకిట దగ్గరున్న తూగు పోయి పాట కవాతులా నడుస్తుంది. కొత్త పాటలు ఆ బటన్ కోసమే పుట్టాయి కనుక వాటికి నష్టం లేదు. పాత చాపు కీర్తన ఎత్తుకున్నప్పుడైనా ఆ బటన్ కట్టేసి, కంజీర వచ్చినవాణ్ణి ముందుకు పిలిస్తే సరిపోతుంది. వాడు లేకపోతే చప్పట్లున్నాయి.