పాత బుల్లెట్‌కు సైలెన్సర్ అమర్చే పనితనం

సైన్యానికీ బుల్లెట్ మోటార్‌సైకిల్‌కూ ఉన్న చుట్టరికం 1950ల నాటిది. సైన్యం ఆర్డర్లతో మన దేశంలో నిలదొక్కుకున్న ఈ బండి, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక ఇక్కడిదే అయిపోయింది. అలాంటి పాత బండిని శ్రద్ధగా నిలబెట్టుకునేవారికి, దాని సైలెన్సర్‌లో దాగిన పనితనం గురించి చెప్పాలని ఈ వ్యాసం.

పోత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350లో ఉన్నది ఒకే సిలిండర్. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే వేళ లోపల వెయ్యి సార్లు మంట రగులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ వందల డిగ్రీల వేడి వాయువు ఒక్క ఊపున బెండు పైపులోకి దూకుతుంది. దాన్ని అడ్డుకోకుండానే ఆ చప్పుడును అణచాలి. సైలెన్సర్ లోపలి గదులు, చిల్లుల గొట్టాలు చేసేది ఆ పనే. ధ్వని తరంగాలు గోడలకు తగిలి వెనక్కి మళ్లి, ఒకదాన్నొకటి చాలావరకు చంపుకుంటాయి. వాయువు మాత్రం దారి చూసుకుని బయటపడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఇంత పని చేసే వస్తువును చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ లోపలి అమరికను, అంటే బఫిల్‌ను, పీకేసి, లేదా షార్ట్ బాటిల్, పంజాబ్ లాంటి బయటి సైలెన్సర్ తగిలించి వదిలేస్తే చెడేది ఆ పొందికే. వాయువు వెళ్లే తీరు మారినా కార్బురేటర్ జెట్టు పాతదే కాబట్టి, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు ప్లగ్గు లేత గోధుమ రంగు పోయి తెల్లబడుతుంది. వాల్వు, పిస్టన్ అతిగా వేడెక్కుతాయి. క్రోమ్ పైపు నీలంగా మారినా అనుమానించాలి. మిశ్రమమో, ఇగ్నిషన్ టైమింగో తప్పి ఉండొచ్చు.

చెయ్యి తిరిగిన మెకానిక్ పని బిగింపులోనే తెలుస్తుంది. పాత మోడళ్లలో బెండు పైపు హెడ్డులోకి దూరి కూర్చుంటుంది. అతను ముందు ఆ చోట మసి గీకి శుభ్రం చేస్తాడు. క్లాంపులు, నట్లు అన్నీ వదులుగానే తగిలించి, పైపు తనంతట తాను సరిగ్గా కూర్చున్నాక హెడ్డు నుంచి వెనక్కి వరుసగా బిగిస్తాడు. లాగి పట్టి బలవంతంగా బిగిస్తే, ఆ ఒత్తిడికి సింగిల్ సిలిండర్ వణుకు తోడై కొన్నాళ్లకే వెల్డింగ్ దగ్గర చీలిక వస్తుంది. వెల్డింగ్ అవసరమైతే పైపును బండి నుంచి విప్పి, పెట్రోలు ట్యాంకుకు దూరంగా తీసుకెళ్లి చేస్తాడు. జింకు పూత ఉన్న జీఐ పైపు జోలికి పోడు, ఎందుకంటే కాలిన జింకు పొగ మనిషికి విషం. చివరగా సబ్బు నీళ్లు పూసి అతుకుల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూస్తాడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపా పేలితే, ఎక్కడో గాలి చొరబడుతోందని ఆ చప్పుడును బట్టే పసిగడతాడు.

తుప్పు లోపలి నుంచి మొదలవుతుందని కూడా అతనికి తెలుసు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. వీధి చివరి దుకాణం దాకా వెళ్లి వచ్చే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఆ నీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది.

పాత కార్లలో ఈ తుప్పుతో ప్రమాదం ఇంకా పెద్దది. అంబాసిడర్, పద్మిని, మారుతీ 800ల ఫ్లోరు తుప్పుపట్టి చిల్లులు పడితే, కింద ఎగ్జాస్ట్ పైపు నుంచి కారే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ఎగ్జాస్ట్ పైపు పెట్రోలు పైపుకు 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదని మోటారు వాహన నియమాలే చెబుతున్నాయి. పైపు దారి మార్చేవారు ముందుగా కొలవాల్సింది ఈ దూరాన్నే.

నివాస ప్రాంతాల్లో పరిసర శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. శబ్ద, కాలుష్య ప్రమాణాలను మీరిన బండి నడిపితే, 2019 సవరణ తర్వాత పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడవచ్చు. అయితే ఒక్క జరిమానా భయంతో ఈ పని జాగ్రత్తగా చేయించుకోమనను. పాత బండి మీద ప్రేమ ఉన్నవారు కంపెనీ కొలతకు సరిపోయే సైలెన్సరే కొనండి, లోపలి బఫిల్‌ను ముట్టుకోనివ్వకండి, తొందరపడని మెకానిక్‌ను వెతుక్కుని అతని కూలి బేరమాడకుండా ఇవ్వండి.