పాదంలో పొదుపు

కందుల సీజన్‌లో నారాయణపేట మార్కెట్ యార్డుకు బస్తాలు చేర్చే పికప్ డ్రైవర్ల పనితనం చూసి తీరాలి. కిరాయి ముందే మాట్లాడుకున్నాక మిగిలేదంతా డీజిల్ పొదుపులోనే.

లోడు ఎత్తకముందే టైర్లలో గాలి చూసుకుంటారు. గాలి తగ్గితే బండి బరువుగా నడుస్తుంది, ఇంజను ఎక్కువ తాగుతుంది. కదిలాక ఊరికే రేజ్ చేయరు. ఇంజను గొంతు పెంచకముందే పై గేరు వేస్తారు. మరికల్, దేవరకద్ర మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లేటప్పుడు స్పీడ్‌బ్రేకర్ దూరాన కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తారు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కాల్చిన డీజిల్ వేడిగా మారి గాలిలో కలిసినట్టే.

దిగుడులో న్యూట్రల్ చేయకపోవడం అసలు నేర్పు. గేరులో ఉండగా కాలు తీస్తే నేటి ఇంజన్లకు డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో కాలుతూనే ఉంటుంది, పైగా బ్రేకుల మీద భారం పడుతుంది. గంటకు 45-55 కిలోమీటర్ల వేగం మేలని కేంద్ర పెట్రోలియం శాఖ కింది ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ చెబుతుంది. వేగం రెట్టింపైతే బండికి ఎదురయ్యే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఆ లెక్క వీళ్ల పాదానికి తెలుసు.

రైతు మీద కిరాయి భారం పెంచకుండానే డ్రైవరు ఇంట్లో నాలుగు డబ్బులు నిలబెట్టే ఈ ఓపికను మనం విద్యగానే గౌరవించాలి.