నాలుగు మడతల క్రిస్మస్ కార్డు

ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు తమ పండగ కార్డు తామే అచ్చేసుకునే అలవాటుకు ఊపు తెచ్చింది ‘ది ప్రింట్ షాప్’ అనే ప్రోగ్రాం. 1984లో అమెరికాలో బ్రోడర్‌బండ్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. డేవిడ్ బాల్సమ్, మార్టిన్ కాన్ అనే ఇద్దరు ఆపిల్ టూ కంప్యూటరు కోసం రాశారు. బొమ్మ ఎంచుకో, అంచు ఎంచుకో, మాట టైపు చెయ్యి, అంతే. డాట్ మాట్రిక్స్ ప్రింటరు కరకరలాడుతూ చుక్కలు పొడుస్తుంటే కార్డు బయటికొచ్చేది. అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా ఉండేవి. ఆ ప్రింటరు కాగితం తెగకుండా పొడుగ్గా వస్తుంది కాబట్టి గోడ పొడవునా పట్టే బ్యానర్లు కూడా వేసుకునేవారు. ఇప్పటి కళ్లకు అదంతా మోటుగానే అనిపిస్తుంది. కానీ ఆ కార్డుల్లో ఒక మడత కిటుకు ఉంది. ఇవాళ్టి ఇంక్‌జెట్ ప్రింటరుకూ అదే పనికొస్తుంది.

కాగితానికి రెండువైపులా అచ్చేయడం ఇంటి ప్రింటర్లకు ఎప్పుడూ తలనొప్పే. ఒకవైపు బొమ్మకు రెండోవైపు బొమ్మ సరిపోక రెండు మూడు మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అందుకే ఒకవైపే అచ్చేసి, రెండుసార్లు మడవాలి. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి నాలుగు గళ్లనుకోండి. కింది కుడి గడి కార్డు ముఖం, కింది ఎడమ గడి వీపు. పై రెండు గళ్లలో వేసేదేదైనా తలకిందులుగా వేయాలి. శుభాకాంక్షలు పై ఎడమ గడిలోకి వెళ్తాయి. ఇప్పుడు పై సగాన్ని వెనక్కి మడవండి, ఆ తర్వాత ఎడమ సగాన్ని వెనక్కి మడవండి. కార్డు తెరిస్తే తలకిందులైనవన్నీ నిటారుగా, శుభాకాంక్షలు కుడిచేతివైపు కనిపిస్తాయి. నమ్మకం కుదరకపోతే ముందు ఒక చిత్తు కాగితం మీద గళ్లకు అంకెలు వేసి మడిచి చూడండి. అచ్చు పనివాళ్లూ అలాగే చూసుకుంటారు.

ఏ4 కొలత 210, 297 మిల్లీమీటర్లు. పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం, అంటే దాదాపు 1.414 వస్తుంది. ఈ నిష్పత్తి వల్ల కాగితాన్ని ఎన్నిసార్లు సగం చేసినా ఆకారం మారదు. నాలుగు మడతల కార్డు 105, 148 మిల్లీమీటర్లకు దిగి, సీ6 కవరులో చక్కగా ఇమిడిపోతుంది. ఈ పనికి 90 లేదా 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం చాలు, మడతతో అదే రెట్టింపు మందమవుతుంది. ఒక్క మడత కార్డు కావాలంటే 200 జీఎస్ఎం పైన ఉండాలి. దాన్ని మీ ప్రింటరు మింగుతుందో లేదో ముందే చూసుకోండి. మందపు కాగితాన్ని అలాగే మడిస్తే గీత వెంబడి చిట్లి తెల్లగా పీచు తేలుతుంది. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒత్తి గీసి, అప్పుడు మడిస్తే అంచు కత్తిలా వస్తుంది.

ఇక మన తెలుగు. చర్చి కరపత్రాలూ, పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్ ఆహ్వానాలూ ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో కూర్చుంటాయి కాబట్టి వేరే ప్రోగ్రాంలోకి తెస్తే ‘క్రిస్మస్’ కాస్తా పిచ్చిగీతలైపోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు యూనికోడ్ ఫాంట్లే దారి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బాగా బరువైనది, ముఖం మీద పేరుకు బాగుంటుంది. లోపలి మాటకు మండలి హాయిగా ఉంటుంది. ఒకే కార్డులో మూడో ఫాంటు పెట్టారంటే అది సినిమా పోస్టరే. మన అక్షరాలకు పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి, వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ జాగా వదలాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే మీట జోలికి పోవద్దు. కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపుల సెట్టింగు వేరుగా పెడితేగానీ ఒత్తులు అతకవు. అది చూసుకోకుండా అచ్చేసిన బ్యానర్లు ఊళ్లలో ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

కార్డుకన్నా సరదా అయిన పని నక్షత్రం. వెదురు బద్దలు కట్టి గ్లేజు పేపరు అంటించి ఇంటిముందు వేలాడదీసే స్టారు మనకు కొత్త కాదు. జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల నక్షత్రం కథ ఇంకా బాగుంటుంది. 1830ల్లో నీస్కీ అనే ఊళ్లోని వాళ్ల బడిలో లెక్కల పాఠంగా పుట్టింది. నాలుగు పలకల కొనలు 17, మూడు పలకల కొనలు 8, మొత్తం 25 కొనలు. తగిలించడానికీ దీపం పెట్టడానికీ ఒక చోటు ఖాళీ. కంప్యూటరుంటే ఒక్కో రకం కొనను విప్పితే వచ్చే ఆకారం ఒక్కసారి గీసి, కావలసినన్ని నకళ్లు తీసుకుంటే సరి. అంటించడానికి మాత్రం ఓపిక మనదే.

అంత ఓపిక లేనివాళ్లు అయిదు కొనల నక్షత్రంతో మొదలుపెట్టొచ్చు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాంలో నక్షత్రం గీసే పరికరం ఉంది. కొనలు అయిదు, లోపలి బయటి వ్యాసార్థాల నిష్పత్తి 0.382 అని ఇవ్వండి. కేంద్రం నుంచి కొన దాకా 95 మిల్లీమీటర్లు పెడితే వెడల్పు సుమారు 181 వస్తుంది, జిగురు అంచులకు ఏ4లో చోటు మిగులుతుంది. కేంద్రం నుంచి కొనలకు పోయే పొడుగు గీతల్ని పైకి మడవాలి, పల్లాలకు పోయే పొట్టి గీతల్ని లోపలికి మడవాలి. నక్షత్రం ఉబ్బుతుంది. అలాంటివి రెండు చేసి, ఒకదానికి జిగురు అంచులు పెట్టి వెన్నూ వెన్నూ అతికించాలి. అచ్చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి. ఒకటి ఒక సైజులో, ఇంకోటి మరో సైజులో అచ్చయితే అంచులు కలవవు. లోపల చిన్న ఎల్ఈడీ దండ వేయొచ్చు. వేడెక్కే పాత బల్బు పెడితే కాగితం అంటుకోవచ్చు.

బంగారు రంగు మాత్రం మామూలు ఇంటి ప్రింటరు ఇవ్వలేదు. తెర మీద మెరిసేది కాగితం మీద ఆవపిండి రంగులో దిగుతుంది. లేజరు ప్రింటు మీద టోనర్ ఫాయిల్ పరిచి లామినేషన్ మెషీన్‌లో పంపితే అచ్చయిన చోటల్లా బంగారం అంటుకుంటుంది. ఇంక్‌జెట్ అచ్చుకు ఈ పద్ధతి పనిచేయదు.

కంప్యూటరుతో శుభాకాంక్షలంటే ఇంకో దారి కూడా ఉంది, పంపేయడం. 1987 డిసెంబరులో జర్మనీలోని క్లౌస్తాల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు చిన్న ప్రోగ్రాం రాశాడు. నడిపితే తెర మీద అక్షరాలతో క్రిస్మస్ చెట్టు గీసి, నడిపిన మనిషి చిరునామాల జాబితాలో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకునేది. అది విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు దాటి ఐబీఎం సొంత నెట్‌వర్కులోకీ దూరి దాన్ని స్తంభింపజేసింది. ఇవాళ డిసెంబరు 25న మన వాట్సాప్‌లో వచ్చిపడేవి ఆ చెట్టు సంతానమే అంటాను. ఎవరి పేరూ లేని శుభాకాంక్ష ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లో చేసిన కార్డు విలువ అక్కడుంది. సెమీ క్రిస్మస్‌లో సండే స్కూల్ పిల్లలకిచ్చే కార్డు మీద ఒక్కొక్కరి పేరూ మార్చి అచ్చేయొచ్చు. ఎక్కడో కువైట్‌లో ఉన్న తమ్ముడికి మన ఊరి చర్చి ఫొటో ముఖం మీద పెట్టొచ్చు. చూపు మందగించిన అమ్మమ్మకు అక్షరాలు 20 పాయింట్లకు పెంచొచ్చు. అంగట్లో కొన్న కార్డు ఇవేవీ చేయలేదు. యంత్రం ఇంతవరకే. నాలుగు మడతల కాగితం మీద పై కుడి గడిలో ఏమీ అచ్చేయకండి. అక్కడ పెన్నుతో రెండు వరుసలు రాసి, పండక్కి పది రోజుల ముందే పోస్టులో వేయండి.