క్రీచ్ దారి, కెల్సో దారి

నాణ్యత పథకం అనగానే మధ్యస్థాయి అధికారి మొహం చిట్లిస్తే, లోపం అతని బుద్ధిలో ఉందని పైవాళ్లు తేల్చేస్తారు. అమెరికా సైన్యంలోని రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ చిట్లింపులో చాలా తెలివే ఉందనిపిస్తుంది.

1978లో జనరల్ విల్బర్ క్రీచ్ వైమానిక దళపు టాక్టికల్ ఎయిర్ కమాండ్ పగ్గాలు అందుకునేనాటికి, పనికి సిద్ధంగా ఉన్న విమానాలు 58 శాతమే. మరమ్మతు నిపుణులంతా వింగ్ (కొన్ని స్క్వాడ్రన్ల సముదాయం) స్థాయిలో ఒకే గుంపు. ఎక్కడ ఏది చెడితే అక్కడికి పంపేవారు. క్రీచ్ ఆ గుంపును విడగొట్టి స్క్వాడ్రన్లకు పంచాడు, విమానం మీద దాని క్రూ చీఫ్ పేరు రాయించాడు, స్క్వాడ్రన్ల మధ్య పోటీ పెట్టాడు. సప్లై సార్జెంట్ ఒకడు టేపు చుట్టిన కుర్చీలో కూర్చోవడం చూసి, దాన్ని లాంగ్లీలోని ప్రధాన కార్యాలయానికి తెప్పించి, సరఫరా సమస్య తీరేదాకా లాజిస్టిక్స్ జనరల్‌నే అందులో కూర్చోబెట్టాడట. 1984లో ఆయన దిగిపోయేసరికి ఆ 58 కాస్తా 85 అయింది. మధ్యలో రేగన్ ప్రభుత్వం రక్షణకు ధారాళంగా డబ్బిచ్చింది కాబట్టి, ఘనత మొత్తం క్రీచ్‌కే కట్టబెట్టలేం. కానీ స్క్వాడ్రన్ అధికారికి మాత్రం అడగకుండానే అధికారం చేతికొచ్చింది. అతన్ని ఒప్పించాల్సిన పనే పడలేదు.

1990లో నౌకాదళాధిపతి అయిన అడ్మిరల్ ఫ్రాంక్ కెల్సో, నాణ్యత నిర్వహణ నిపుణుడు డెమింగ్ బోధలను నమ్మినవాడు. ఆయన తెచ్చిన టోటల్ క్వాలిటీ లీడర్‌షిప్ పథకంలో శిక్షణ తరగతులు, కమిటీలు, గణాంకాల చార్టులు దండిగా ఉన్నాయి. నౌకాదళపు విమాన మరమ్మతు డిపోల్లో ఈ పద్ధతులు 80లలోనే కాలూనాయి. అవి ఒకరకంగా ఫ్యాక్టరీలే, ఎక్కువమంది ఏళ్ల తరబడి అక్కడే పనిచేసే సివిలియన్లు. యుద్ధనౌక సంగతి వేరు. అక్కడ అధికారి రెండు మూడేళ్లలో బదిలీ అవుతాడు, ఏటా వచ్చే ఫిట్‌నెస్ రిపోర్టు (పనితీరు మదింపు) మీదే అతని పదోన్నతి. సంస్థలకు ప్రాణాంతకమైన జబ్బులని డెమింగ్ చెప్పినవాటిలో ఈ రెండూ ఉన్నాయి: యాజమాన్యం తరచూ మారడం, వార్షిక మదింపు. నౌకాదళం డెమింగ్‌ను పిలిచింది, ఆయన వద్దన్నవాటిని అలాగే ఉంచుకుంది. తాను ఈరోజు చక్కదిద్దిన పని ఫలితం తర్వాత వచ్చేవాడి రిపోర్టులోకి ఎక్కుతుందని తెలిసిన అధికారి తరగతిలో తలూపి బయటికొచ్చి ఊరుకుంటే, దాన్ని మార్పంటే పడకపోవడం అంటామా? నేనైతే లెక్క తెలిసినవాడంటాను.

విచిత్రమేమిటంటే, డెమింగ్ కాదన్న అంతర్గత పోటీని, లక్ష్యాల అంకెలను క్రీచ్ నిస్సంకోచంగా వాడుకున్నాడు. సిద్ధాంతానికి దగ్గరగా నడిచినవాడు కెల్సో, మనుషులను కదిలించినవాడు క్రీచ్. ఆకాశంలో ఎగిరేవారికీ నీటిమీద తేలేవారికీ మధ్య తేడాగా దీన్ని కొట్టిపారేయడానికి లేదు. 90ల మొదట్లో దళాధిపతి జనరల్ మెక్‌పీక్ హయాంలో వైమానిక దళమే ‘క్వాలిటీ ఎయిర్ ఫోర్స్’ అంటూ మ్యాక్స్‌వెల్ వైమానిక స్థావరంలో క్వాలిటీ సంస్థ పెట్టి, తనిఖీల స్థానంలో నాణ్యత మదింపులు తెచ్చింది. క్రీచ్ పేరు తెలిసిన స్క్వాడ్రన్లలోనే ఈసారి సణుగుడు మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేలోపు ఆ మదింపులు పోయి, యుద్ధ సన్నద్ధత తనిఖీలే మళ్లీ పెత్తనానికి వచ్చాయి.