తొలిరోజు ఎవరిది?

పత్రికల్లో వార్షికోత్సవ వ్యాసాన్ని చాలామంది చిన్నపనిగా చూస్తారు. తేదీ ముందే తెలుసు కాబట్టి రాయడం తేలికనుకుంటారు. నాకు మాత్రం ఆ పని మీద ఎంతో గౌరవం. ఏళ్ళు లెక్కపెట్టడం దగ్గర ఆగిపోకుండా, ఆ తేదీని పట్టుకుని రెండు ప్రశ్నలు అడిగితే చరిత్ర కొత్తగా కనబడుతుంది. ఆస్ట్రేలియా టెలివిజన్ కథే ఇందుకు సాక్ష్యం.

1956 సెప్టెంబర్ 16 రాత్రి సిడ్నీలో టీసీఎన్-9 చానల్ ప్రసారాలు మొదలయ్యాయి. 27 ఏళ్ళ బ్రూస్ గింగెల్ కెమెరా ముందు నిలబడి ప్రేక్షకులకు స్వాగతం చెప్పాడు. 2026తో ఆ రాత్రికి 70 ఏళ్ళు. టీవీ పుట్టినరోజు ప్రస్తావన వస్తే చాలు, అక్కడ ఆ స్వాగత దృశ్యం తెరమీదికొస్తుంది. అయితే ఇప్పుడు చూపిస్తున్నది ఆ రాత్రి దృశ్యం కాదు. అసలుది మిగల్లేదు. తర్వాతెప్పుడో గింగెల్‌తో మళ్ళీ చేయించి తీసిన ఫిల్ము ఇది. ఒక దేశం తన టెలివిజన్ తొలి క్షణంగా గుర్తుపెట్టుకున్నది నిజానికి రెండోసారి తీసిన బొమ్మ!

అందుకే వార్షికోత్సవం రాయడానికి కూర్చున్నప్పుడు నా మొదటి ప్రశ్న: ఏం మిగిలింది?

తొలినాళ్ళ కార్యక్రమాలు చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే. గాలిలో వెళ్ళాయి, గాలిలోనే పోయాయి. వీడియో టేపు వచ్చాక కూడా దాని ఖరీదు ఎక్కువ కావడంతో, పాతది చెరిపి దానిమీదే కొత్తది రికార్డు చేసేవారు. 1974 నవంబర్‌లో ఆస్ట్రేలియా జాతీయ ప్రసార సంస్థ ఏబీసీలో మొదలై 1987 దాకా యువతను ఊపేసిన పాటల కార్యక్రమం ‘కౌంట్‌డౌన్’. దాని తొలి ఏళ్ళ టేపులు చాలావరకు అలాగే చెరిగిపోయాయి. ఎవరికీ దురుద్దేశం లేదు. నిన్నటి కార్యక్రమం రేపటికి చరిత్ర అవుతుందని ఎవరూ అనుకోలేదు, అంతే.

ఇంకో ఉదంతం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. బ్రిటన్‌లో తీసిన ‘డాక్టర్ హూ’ 1960ల నాటి ఎపిసోడ్లు కొన్ని పూర్తిగా మాయమయ్యాయి. వాటిని తమ దేశంలో ప్రసారం చేసేముందు, భయపెట్టే దృశ్యాలను ఆస్ట్రేలియా సెన్సారు అప్పట్లో కత్తిరించింది. ఆ ముక్కలు 1996లో ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారంలో దొరికాయి. ప్రేక్షకులు చూడకూడదని కోసిన ముక్కలు భద్రంగా ఉన్నాయి. ప్రేక్షకులు చూసిన భాగం పోయింది. ఒక ముక్కను పెట్టెలో పెట్టి, దానికి నంబరు వేయడం ఎంత గొప్ప పనో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

రెండో ప్రశ్న: ఆ తొలిరోజు ఎవరిది?

సెప్టెంబర్ 16 సిడ్నీవాళ్ళది. మెల్‌బోర్న్‌లో హెచ్‌ఎస్‌వీ-7 చానల్ నవంబర్ 4న వచ్చింది. ఆ నెల 22న అక్కడ ఒలింపిక్స్ మొదలు కావాలి కనుక అంతా హడావిడే. పెర్త్ వాళ్ళు 1959 దాకా, డార్విన్ వాళ్ళు 1971 దాకా ఎదురుచూశారు. ఎడారి నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఆదివాసుల సొంత చానల్ ఇంపార్జా 1988 జనవరిలో మొదలైంది. ఉపగ్రహం ద్వారా మారుమూల ఊళ్ళకు చేరింది. అక్కడి కుటుంబానికి టెలివిజన్ తొలిరోజు ఏదని అడిగితే 1956 అని చెబుతుందా?

టెలివిజన్ ఇంటికి చేరడం ఒకటైతే, తెరలో తమ మాట వినబడడం మరొకటి. 1980 అక్టోబర్ 24న, ఐక్యరాజ్యసమితి దినోత్సవం నాడు, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో బహుభాషా ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ టెలివిజన్ మొదలైంది. గ్రీకు, ఇటాలియన్, అరబిక్ మాట్లాడే వలస కుటుంబాలకు ఆ తేదీ సెప్టెంబర్ 16 కంటే దగ్గరిది. అదే సంస్థ ఆడియో సేవల్లో నేడు తెలుగు కూడా ఉంది. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మనవాళ్ళు ఆ దేశపు మీడియా చరిత్ర రాసుకుంటే, వాళ్ళ తేదీల వరుసలో 1980 అక్టోబర్ 24కీ చోటు ఉండాలి.

1975 మార్చి 1న ఆస్ట్రేలియా టీవీకి రంగులొచ్చాయి. 2013 డిసెంబర్‌లో అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి. ఇవీ రాయాల్సినవే. కానీ పరికరాల తేదీలు ఒక వరుస, మనుషుల తేదీలు ఒక వరుస. మొదటిదాన్ని మాత్రమే రాస్తే వ్యాసం సగమే.

మిగిలినదాన్ని కాపాడుకోవడానికి గడువు కూడా ఉంది. కాన్‌బెర్రాలోని జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది: అయస్కాంత టేపుల్లో ఉన్నదాన్ని 2025లోగా డిజిటల్‌లోకి మార్చకపోతే చాలావరకు చేజారుతుందని. టేపు పాడవుతుంది, దాన్ని ఆడించే యంత్రాలు తగ్గిపోతాయి, వాటిని బాగుచేసే మనుషులు పదవీ విరమణ చేస్తారు.

ఆ గడువు దాటిపోయిందని చేతులెత్తేయనక్కర్లేదు. ఇంకా ఆడే ప్రతి టేపూ ఇప్పుడు అత్యవసరమే. 70 ఏళ్ళ ఉత్సవానికి చానళ్ళు చేసే ఖర్చులో కొంత వాటికి వెళ్ళాలి. ఆ మాట అడగడం వార్షికోత్సవ వ్యాసం రాసేవాడి బాధ్యతేనని నా నమ్మకం. పాత రోజుల్ని మెచ్చుకోవడానికి ఎవరైనా వస్తారు. అవి ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో అడిగేవాళ్ళు కావాలి.