మూడేళ్ల తర్వాత ఆ కారు ధరెంత?

టెక్సస్‌లో కార్ల డీలర్లు శని, ఆదివారాలు రెండూ తెరిచి ఉంచడానికి చట్టం ఒప్పుకోదు. ఏదో ఒక రోజు మూయాల్సిందే. శనివారం బేరం ఎవరు వదులుకుంటారు? అందుకే డాలస్ చుట్టుపక్కల ఆదివారం షోరూములకు తాళాలు ఉంటాయి, కార్లు మాత్రం బయట ఎండలో వరసగా నిలబడి ఉంటాయి. కొత్త కారు చూడాలి, తోడు రమ్మనే వాళ్లను నేను తీసుకెళ్లేది ఆదివారమే. సేల్స్‌మన్ వెంటపడడు, కాఫీ ఇవ్వడు, ఈ ఆఫర్ ఇవాళే ఆఖరు అని చెవిలో ఊదడు. అద్దానికి అంటించిన ధర కాగితం తాపీగా చదువుకోవచ్చు. 1958లో వచ్చిన చట్టం పుణ్యమా అని అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ ఆ కాగితం ఉండి తీరాలి.

నాకు ఇంజిన్ల గురించి పెద్దగా తెలియదు. కాగితాలు చదవడం మాత్రం ఇష్టం. ఆ సంగతి బయటికి పొక్కడంతో మావాళ్లలో ఎవరు కారు కొన్నా నాకు పిలుపు వస్తోంది. ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు కొన్న పాత కరోలాతో నెట్టుకొచ్చి, ఉద్యోగంలో కుదురుకున్నాక కొత్త కారు వైపు చూసేవాళ్లే ఎక్కువ. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అన్నా, కొంటే నెలకి ఏడొందలట. లీజయితే ఐదొందల నలభయ్యేనట. నూట యాభై మిగిలినట్టే కదా?"

మిగలవు. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క వేయక తప్పదు, ఓపిక పట్టండి.

కారు ధర 36,000 డాలర్లు అనుకుందాం. మూడేళ్లు తిరిగాక దాని విలువ 21,600 ఉంటుందని లీజు కంపెనీ మొదటిరోజే కాగితం మీద రాసేస్తుంది. ఈ అంకె పేరు రెసిడ్యువల్. అంటే మీ వాడకంలో అరిగిపోయేది 14,400. దాన్ని 36 నెలలకు పంచితే నెలకు 400. ఇది తరుగు. దీనికి వడ్డీ కలవాలి. లీజు కాగితంలో వడ్డీ అనే మాట కనపడదు. మనీ ఫ్యాక్టర్ అంటారు, 0.0025 లాంటి అంకె చూపిస్తారు. ఇంతేనా అనిపిస్తుంది. 2,400తో గుణిస్తే అసలు రంగు బయటపడుతుంది: ఏడాదికి 6 శాతం. కారు ధరనూ రెసిడ్యువల్‌నూ కలిపి ఆ మనీ ఫ్యాక్టర్‌తో గుణిస్తే నెలకు 144 వస్తుంది. మొత్తం 544.

అదే కారుకు అదే 6 శాతం మీద అయిదేళ్ల లోను తీసుకుంటే నెలకు 696. మూడేళ్లు గడిచేసరికి లోను తీసుకున్నతను 25,055 కట్టి, ఇంకా 15,703 బాకీ ఉంటాడు. లీజు తీసుకున్నతను 19,584 కట్టి, తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేస్తాడు. అయితే మొదటతని ఇంటి ముందు కారు ఉంది. లీజు కంపెనీ రాసుకున్న 21,600కే దాన్ని అమ్మినా, బాకీ పోను 5,897 చేతికొస్తాయి. అంటే మూడేళ్లకు అతని ఖర్చు 19,158. పన్నులూ ఫీజులూ పక్కన పెడితే, నెలకు నూట యాభై ఎక్కువ కట్టినవాడే చివరికి నాలుగు వందల పైచిలుకు లాభంలో ఉన్నాడు.

కాబట్టి ధరా వడ్డీ ఒకటే అయినప్పుడు రెండు దారుల ఖర్చూ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడ? మూడేళ్ల తర్వాత ఆ కారు నిజంగా 21,600 పలకకపోతే నష్టం ఎవరిది అన్న దగ్గర. లీజులో ఆ నష్టం కంపెనీది. కొన్నప్పుడు మీది. ఒకవేళ ఎక్కువ పలికితే కొన్నవాడికి ఎలాగూ లాభమే, లీజువాడికి కూడా కాగితం మీది ధరకే కొనుక్కునే హక్కు సాధారణంగా ఉంటుంది.

ఇది పుస్తకాల మాట కాదు, రెండు వైపులా జరగడం మనం చూశాం. కోవిడ్ తర్వాత చిప్‌లు దొరక్క కొత్త కార్లు కరువై, 2021, 2022లో వాడిన కార్ల ధరలు ఆకాశానికి లేచాయి. అప్పుడు లీజు ముగిసినవాళ్లు పాత రెసిడ్యువల్ ధరకే కారు తీసుకుని వేల డాలర్లు లాభపడ్డారు. తర్వాత గాలి తిరిగింది. 2023 జనవరిలో టెస్లా ధరలు ఒక్కసారిగా తగ్గించింది. అంతకు నెల ముందు పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల కారు విలువ రాత్రికి రాత్రే పడిపోయింది. లీజు తీసుకున్నవాళ్లకు మాత్రం ఆ దెబ్బ తగల్లేదు. ఎలక్ట్రిక్ కారయితే లీజు గురించి ఒకసారి ఆలోచించండి అని నేను అనేది ఇందుకే. 7,500 డాలర్ల ఫెడరల్ రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయినా, వాడిన బ్యాటరీ కార్ల ధర ఎటు పోతుందో అన్న భయం ఆగిపోలేదు.

ఇక మైళ్లు. లీజులు ఎక్కువగా ఏడాదికి 10,000 లేదా 12,000 మైళ్లకు రాస్తారు. ఫ్రిస్కోలో ఇల్లు, అర్వింగ్‌లో ఆఫీసు, వారాంతం గుడి, పిల్లల క్లాసులు, నెలకోసారి హ్యూస్టన్‌లో చుట్టాలు. అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తే కారు గరాజ్‌లో ఉండే రోజే ఉండదు. ఏడాదికి 16,000 తేలిగ్గా తిరుగుతారు. 12,000 పరిమితి ఉండి, అదనపు మైలుకు 25 సెంట్లయితే, తాళాలు తిరిగిచ్చే రోజున 3,000 డాలర్ల బిల్లు వస్తుంది.

మనవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇక్కడివాళ్లు రాసే సలహాల్లో అది కనపడదు. హెచ్-1బీ వీసా ఒక్కో విడతకు మూడేళ్ల వరకే ఇస్తారు. ఉద్యోగం పోతే వీసా గడువు ఎంత మిగిలి ఉన్నా ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. దీంతో చాలామంది, ఉంటామో పోతామో తెలియదు కాబట్టి లీజే మేలు అనుకుంటారు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందులు ఆలోచన. లీజు అంటే 36 నెలలు కడతానని రాసిచ్చిన మాట. మధ్యలో ముగిస్తే భారీగా కట్టాల్సి రావచ్చని, ఎంత ముందు ముగిస్తే అంత ఎక్కువ పడుతుందని ఒప్పందంలో హెచ్చరించమని ఫెడరల్ నిబంధనే చెబుతోంది. ఆ హెచ్చరిక మొదటి పేజీల్లోనే ఉంటుంది, ఎవరూ చదవరు. సొంత కారయితే వాడిన కార్లు కొనే కార్‌మ్యాక్స్‌కి తీసుకెళ్లి ఇచ్చేసి, లోను తీర్చి విమానం ఎక్కొచ్చు. మొదటి ఏడాదిలో కారు ధర కంటే బాకీ ఎక్కువ ఉండి కొంత చేతి నుంచి పడొచ్చు, నిజమే. ఆ నష్టమెంతో ఒక్క పూటలో తేలిపోతుంది. లీజు కారును బయటి డీలర్‌కి అమ్ముదామంటే, 2021 తర్వాత చాలా కార్ల కంపెనీల ఫైనాన్స్ విభాగాలు ఆ దారి మూసేశాయి. కాబట్టి లీజు పనికొచ్చేది తన మూడేళ్లూ తనకు తెలిసినవాడికి.

డౌన్ పేమెంట్ గురించి ఒక్కమాట. నెలసరి తగ్గుతుందని లీజుకి మూడు, నాలుగు వేలు ముందే కట్టేస్తుంటారు. కౌలు పొలంలో సొంత డబ్బుతో బోరు వేయించడం లాంటిది అది. ఆరో నెల యాక్సిడెంట్‌లో కారు పూర్తిగా పోతే బీమా సొమ్ము లీజు కంపెనీకి వెళ్తుంది, మీరు ముందు కట్టింది అక్కడితో సరి.

పన్ను సంగతీ ఇక్కడ వేరు. చాలా రాష్ట్రాల్లో లీజు సొమ్ము మీదే పన్ను. టెక్సస్‌లో కారు మొత్తం ధర మీద 6.25 శాతం, అంటే మన ఉదాహరణలో 2,250 డాలర్లు, మూడేళ్ల వాడకానికే మీ నెత్తిన పడుతుంది. చివర్లో ఆ కారే కొనుక్కుంటే రెసిడ్యువల్ మీద మళ్లీ 1,350. ఈ ఒక్క కారణం చాలు, ఇక్కడ లీజంటే నేను మొహం చిట్లించడానికి. ఒక ఫెడరల్ చట్టం 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో తయారైన కొత్త కారు లోను వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చింది, లీజుకి ఇవ్వలేదు. కానీ దంపతుల ఆదాయం 2,00,000 దాటితే అది కరిగిపోతూ వస్తుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్లు దాన్ని లెక్కలో వేసుకోనక్కర్లేదు.

డాలస్‌లో ఉండి, రోజూ ఆఫీసుకి తిరుగుతూ, కారును ఎనిమిది, పదేళ్లు ఉంచుకునేవాళ్లు కొనుక్కోవడమే నయం. లోను తీరాక వచ్చే ఏళ్లలోనే అసలు మిగులు. ఇంటి నుంచే పని, తక్కువ తిరుగుడు, మూడేళ్లకోసారి కారు మార్చకపోతే మనసు ఊరుకోదు అనేవాళ్లు లీజు తీసుకోండి, తప్పులేదు. కార్ల కంపెనీ తన ఫైనాన్స్ విభాగం ద్వారా మనీ ఫ్యాక్టర్ బాగా తగ్గించిన నెలల్లో అది నిజంగానే చవక.

ఏ దారయినా, షోరూములో కూర్చోగానే లీజని గానీ లోనని గానీ చెప్పకండి. నెలకి ఎంత కట్టగలరని అడిగితే జవాబివ్వకండి. ముందు కారు ధర తెగ్గొట్టండి. ఆ తర్వాత మనీ ఫ్యాక్టర్, రెసిడ్యువల్, మైళ్లు, ఫీజులు కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి. కొన్న సరుకు మూడు రోజుల్లో తిరిగివ్వొచ్చని మనవాళ్లు చెప్పుకునే నియమం షోరూములో కొన్న కారుకి వర్తించదు. సంతకం పెట్టి తాళాలు తీసుకుంటే అంతే.